మూడు మధ్యాహ్నాలు

మా చర్చి సంఘంలో ప్రభు సంస్కారానికి ఇంట్లో చేసిన ద్రాక్షరసం వాడడం మానేసి నాలుగేళ్లవుతోంది. మా పెద్దమ్మకు వయసు మీదపడి చెయ్యి తప్పిందని, అందుకే సీసాలు పగిలాయని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. తప్పు నాది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక హసన్‌పర్తిలో మా ఇంట్లోనే ఉండేది. ఏటా నవంబరులో నల్లద్రాక్ష తెప్పించి, కడిగి ఆరబెట్టి, చిదిమి, చక్కెరతో పెద్ద జాడీలో వేసేది. పిడికెడు గోధుమలు, కాస్త ఈస్టు. మూడు వారాలకు వడకట్టి మళ్లీ జాడీలోనే పోసి మూతికి గుడ్డ కట్టేది. ఇక తేల్చుకోవాల్సింది సీసాల్లో ఎప్పుడు పోయాలన్నదే. పులియడం ఆగకముందే బిరడా బిగిస్తే సీసా పగులుతుంది. పెద్దమ్మ రుచి చూసేది కాదు. జాడీకి చెవి ఆనించి వినేది. లోపల పని జరుగుతుంటే సోడా గ్లాసులోలా సన్నగా చిటచిటమంటుంది. వరుసగా మూడు మధ్యాహ్నాలు ఏమీ వినబడకపోతే నాలుగో రోజు పోసేది.

ఆ ఏడాది ఆమెకు చెవులు మందగించాయి. ఆ సంగతి నా ఒక్కడికే చెప్పింది.

"జర నువ్వు విను బిడ్డా. సంఘపోళ్లకు ఎర్కైతే ఈ పని ఇంకోళ్లకిస్తరు."

"ఇయ్యనీ పెద్దమ్మా. ఇన్నేండ్లు చేసినవ్, ఇగ కూసోని తినరాదు."

"కూసుంటే తుప్పు పడ్త రా! పొద్దుగాల మాత్రం వినకు. చలికి అది పండుకుంటది. ఎండెక్కినంక లేస్తది. పగటీలి వినాలె."

అప్పట్లో నేను పురుగుమందుల కంపెనీకి పరకాల వైపు దుకాణాలు తిరిగేవాణ్ని. మొదటి రోజు బయల్దేరే ముందు, పొద్దున ఆరింటికి, జాడీకి చెవి ఆనించాను. చల్లగా తగిలింది. ఏ చప్పుడూ లేదు. ఆ మధ్యాహ్నం పరకాలలో ఒక దుకాణంలో చాయ్ తాగుతూ క్రికెట్ చూశాను. పని కూడా లేదు. కావాలంటే ఇంటికి వచ్చి పోగలిగేవాణ్నే.

సాయంత్రం పెద్దమ్మ అడిగింది. "ఏమన్న వినొచ్చిందా?"

"లేదు."

"పగటీలే విన్నవ్ గదా?"

"ఆఁ. మధ్యల ఇంటికొచ్చిన. నువ్వు కూడికకు పోయినవ్."

డిసెంబరు కదా, మధ్యాహ్నాలు ఆడవాళ్ల ప్రార్థన కూడికలు ఇంటింటా జరుగుతున్నాయి. ఆమె నమ్మింది. తర్వాతి రెండు రోజులూ పొద్దున్నే విన్నాను, పగలు విన్నానని చెప్పాను. నాలుగో రోజు ఆమె సీసాలు నింపి, బిరడాలు బిగించి, చర్చికి పంపింది.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం పాస్టరు గారు బీరువా తెరిస్తే మూడు సీసాలు పగిలి ఉన్నాయి. సంస్కారపు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ ఎర్రగా తడిసిపోయింది. వెనక నుంచి ఒకామె అంది, "వైను చేసిందా ముసలామె, బాంబులు చేసిందా?" నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వబోయింది, చాత కాలేదు. "చాలా ఏళ్లు చేశారమ్మా, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నారు పాస్టరు గారు, మెల్లగానే. నేను కిందికి వంగి గాజు పెంకులు ఏరుతూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక ఆమే నన్ను ఓదార్చింది. "నువ్వు మంచిగనే విన్నవ్ బిడ్డా. నేనే చక్కెర ఎక్కువేసిన్నేమో."

"కావచ్చు పెద్దమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పినదానికంటే ఈ మాటకే ఎక్కువ సిగ్గుపడతాను.

మరుసటి ఏడు, ఎవరూ అడగకుండానే, తన తప్పెక్కడో తెలుసుకోవాలని చిన్న జాడీలో చక్కెర తగ్గించి వేసింది. ఈసారి సెలవు పెట్టి మూడు మధ్యాహ్నాలూ విన్నాను. మూడు రోజులూ ఏమీ వినబడలేదు.

"అయింది పెద్దమ్మా. సీసాలల్ల పోద్దాం పా."

"ఇంకొక్క దినం చూద్దాం."

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. జనవరి సగం గడిచాక గుడ్డ విప్పితే వెనిగర్‌లా పుల్లటి సిర్కా వాసన కొట్టింది. ఆమె జాడీ మోసుకెళ్లి మోరీలో ఒంపి, కడిగి బోర్లించింది. మళ్లీ ఎన్నడూ వెయ్యలేదు.

ఆ వానాకాలమే పోయింది. సమాధుల తోటలో నా పక్కనున్నామె అంది, "ఆఖర్ల చెయ్యి తప్పింది గని, మంచి మనిషి." నేను తలూపాను.

పోయిన నెల పాస్టరు గారికి ఇదంతా చెప్పాను. ఆయన, "ఆమెకు ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగారు.

లేదన్నాను.