చింపని యాభై

మొన్నటి గాలివానకు మా పెరట్లోని తాటాకు పాక కూలిపోయింది. తెల్లారి గాలి తగ్గాక నేను చేసిన మొదటి పని, అందులో దాచిన ఆటసామాన్లలో పోయినవాటిని లెక్కపెట్టుకోవడం. పేర్లు రాసిన తెల్లగుడ్డలు పదిహేడు, గోలుకు పాతే వెదురు గడలు ఎనిమిది, బ్యానరు కట్టే గడలు రెండు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే తోలు బంతులు రెండు, మార్కులు రాసే నల్లబల్ల ఒకటి, ఈల ఒకటి. మొత్తం ముప్ఫై ఒకటి. ఆడుకున్న నేలను కూడా అందులో కలపరా అంది మా అక్క. కలపనన్నాను. నేల గాలికి పోలేదు. దాన్ని గాలివాన ఖాతాలోకి నెట్టేసి మనుషుల్ని వదిలిపెట్టడం నాకిష్టం లేదు.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారుగానీ నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రాజోలు దాటి మలికిపురం వైపు వస్తుంటే ఎడమచేతి వైపు, దాళ్వా కోతలయ్యాక ఎండిన వరిచేలో, పిల్లలు కొబ్బరికాయలాంటి బంతితో పరుగులు తీసేవాళ్లు. అది ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్. మా ఊరికి దాన్ని తెచ్చింది మా బావగారు, అంటే మా అక్క భర్త. ఆయన కువైట్‌లో ఒక మైదానంలో గడ్డికి నీళ్లు పెట్టే పని చేసేవారు. ఆస్ట్రేలియా కుటుంబాల పిల్లలు సెలవురోజున అక్కడికి వచ్చి ఆడుకునేవారట, ఈయన నీళ్ల గొట్టం చేత్తో పట్టుకుని నిలబడి చూస్తూ ఆటంతా నేర్చుకున్నారు. అందరూ గల్ఫ్ నుంచి సెంటు సీసాలూ దుప్పట్లూ తెచ్చుకుంటే ఈయన పెట్టెలో రెండు తోలు బంతులు తెచ్చారు. మా అక్క వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఆ బంతి దూరం నుంచి అచ్చం ఒలవని కొబ్బరికాయలా ఉండేది, అందుకే మా పిల్లలకు పట్టుకోవడం ఒకరు నేర్పనక్కర్లేకపోయింది. చేనుకు ఆ చివర నాలుగు గడలు, ఈ చివర నాలుగు గడలు పాతేవాళ్లం. మధ్య రెండు గడల్లోంచి తన్నితే ఆరు మార్కులు, పక్క సందులోంచి పోతే ఒకటి. గురి కాస్త తప్పినవాడికి కూడా ఒక మార్కు ఇచ్చే ఆటను నేను అంతవరకూ చూడలేదు. ఏడో తరగతితో బడి మానేసి కొబ్బరికొట్టులో రాశులు లెక్కపెడుతూ నా అంతట నేను లెక్కలు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, ఆరులూ ఒకట్లూ కలిపి చెప్పే పని నా మీద పడింది. ఎవరు ఎన్ని ఆటలు ఆడారన్నది కూడా నేనే చెప్పాలి, ఎందుకంటే యాభయ్యో ఆట ఆడే పిల్లకో పిల్లాడికో బ్యానరు కట్టాలని బావగారి పట్టుదల. కువైట్‌లో అలా కట్టేవారట. గడల మధ్య పెద్ద రంగుకాగితం, దాని మీద ఆ పిల్లాడి పేరు, అంకె. జట్టుకు ముందు పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని చింపుకుని మైదానంలోకి దూకాలి.

మొదటి బ్యానరుకే పెద్ద రభస అయింది. కాగితాలు అతికించడానికి అక్క మైదా ఉడకబెట్టి బంక చేసింది, నేను ఎర్ర రంగుతో పేరు రాశాను, అందరం చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా నిలబడ్డాం. ఇంతలో ఆ పిల్లాడి నాయనమ్మగారు చేలో అడ్డంగా వచ్చి కాగితం ముందు నిలబడిపోయింది.

“పేరు రాసిన కాగితం చింపించి, దాని మీద కాళ్లేసి తొక్కిస్తారా? ఆయుష్షు కాదుటండీ అది? అంత సరదాగా ఉంటే మీ పేరు రాసుకుని మీరే దూరండి బాబూ!”

బావగారు ఆయ్ ఆయ్ అంటూ వెనక్కి తగ్గారు. కువైట్‌లో ఎవరి నాయనమ్మా అలా అడ్డం రాలేదు పాపం. అప్పుడు మా అక్క చెప్పిన ఉపాయమే తర్వాత మా ఊరి ఆచారమైపోయింది. పేరు గుడ్డ మీద రాసి పైన కట్టాలి, దాన్ని ఎవరూ ముట్టరు. కింద కాగితం మీద అంకె ఒక్కటే రాయాలి. యాభై అనేది ఆ పూటతో పాతబడేదే, వచ్చే ఆటకు యాభై ఒకటి అవుతుంది కాబట్టి చింపినా దోషం లేదు. నాయనమ్మగారు కాసేపు ఆలోచించి, మనవడికి దిష్టి తీసి మరీ పరిగెత్తించింది. అక్కడి నుంచి యాభై ఆడినవాళ్లలో ఎవరి పేరు గుడ్డ వాళ్లది, ఏటా మొదటి ఆటరోజు అన్నింటినీ చేను చుట్టూ కట్టేవాళ్లం. నేను రాసిన అక్షరాలు అంత అందంగా ఉండేవి కావుగానీ రోడ్డున పోయే బస్సులోంచి కూడా చదవగలిగేవి.

నలభై ఎనిమిది ఆడి రాజమండ్రి వెళ్లిపోయిన కుర్రాడి తండ్రి, రెండాటలు కలిపెయ్యరాదా అని నన్ను బతిమాలాడు. కలపలేదు. ఆ ఏడాది ఆయన నాతో మాటలు మానేశాడు. నా లెక్క గట్టిదని మాత్రం ఊరికి తెలిసింది.

పద్దెనిమిదో గుడ్డ మా మేనకోడలిది కావాలి. బావగారి కూతురు, పదేళ్లప్పుడు జట్టులో చేరింది, మగపిల్లల భుజాలకు కూడా రాని మనిషి, అయినా బంతి పట్టిందంటే వదిలేది కాదు. పద్నాలుగేళ్లప్పుడు, అయిదో వేసవిలో, నలభై తొమ్మిది పూర్తయ్యాయి. ఆదివారం యాభయ్యోది. పక్క రెండు ఊళ్ల జట్లకూ కబురు వెళ్లింది, అంకె రాసిన కాగితం మా అరుగు మీద ఆరుతోంది.

గురువారం పొద్దున చేలోకి మట్టి తవ్వే మిషను దిగింది. చేను మా ఊరి పెద్దాయనది, వరసకు నాకు బాబాయిగారు. రొయ్యల చెరువుకు లీజుకిచ్చేశాడు. చేను ఆయనది, ఇచ్చుకునే హక్కు ఆయనకుంది, నేను కాదనను. కానీ పరిగెత్తుకెళ్లి నేను అడిగింది చేను కాదు, ఒక్క ఆదివారం.

“మిషను వచ్చేసింది కదటండీ. పిల్లలాటకి దాన్ని ఆపమంటే లీజోడు నవ్వుతాడండి,” అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. మా గోదావరి వాళ్లం కాదనడం కూడా మర్యాదగానే చేస్తాం.

ఆదివారం నాటికి ఆ నేల నిలువులోతు గొయ్యి అయింది. ఇంకో చోట ఆడుకోవచ్చుగా అని మీరనుకోవచ్చు. బడి ఆవరణ ఈ ఆటకు నాలుగో వంతు కూడా రాదు, పక్క ఊళ్లలో అంత ఎండుచేను మిగల్లేదు, అన్నీ అప్పటికే నీళ్లు. బాబాయిగారు కూడా ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు కాబోలు, చెరువు ప్రారంభం రోజున సెంటర్లో మా పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కట్టిస్తానన్నాడు. మధ్యలో పిల్ల, పక్కన పెద్ద యాభై, మూలన ఆశీర్వదిస్తూ ఆయన. ఊరంతా బాగుందన్నారు. బావగారు కూడా మెత్తబడ్డారు.

“ఏవోయ్ బామ్మర్దీ, ఒక్కటే కదా తేడా. పిల్ల ముచ్చట తీరుద్ది,” అన్నారు నాతో, నా కళ్లలోకి చూడకుండా.

నేను ఒప్పుకోలేదు. రాజమండ్రి కుర్రాడికి ఇవ్వని ఆటను నా మేనకోడలికి ఎలా ఇస్తాను? అయితే నేను అడ్డం చెప్పే అవసరం రాలేదు. ఫొటో అడగడానికి బాబాయిగారు మా ఇంటికొచ్చినప్పుడు ఆ పిల్ల కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి చెప్పేసింది.

“తాతగారూ, నలభై తొమ్మిదని వేయించండి. నేనాడినవి అవేనండి.”

“పిచ్చిపిల్లా! నలభై తొమ్మిదికి ఎవరైనా ఫ్లెక్సీ కడతారా?”

“అయితే ఒద్దండి. యాభయ్యోది ఆడనివ్వలేదు కదండీ మీరు.”

ఆయన నవ్వాడు, కాఫీ తాగకుండా లేచాడు. ఫొటో ఎక్కడ సంపాదించాడో తెలియదు, వారం తిరక్కుండా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో యాభై అనే ఉంది.

అది చూసిన రోజు నా ఒంట్లో పుట్టిన వేడి ఇప్పటికీ చల్లారలేదు. మిగిలిన ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు తీసుకుని, చాటుమాటుగా కాదు, జనం బస్సుల కోసం నిలబడి ఉండే మిట్టమధ్యాహ్నం నిచ్చెన వేశాను. మేనకోడలు ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క ఎవరో పట్టుకున్నారనిపించి కిందకు చూస్తే బావగారు. నేను యాభై మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన నలభై తొమ్మిది వేశాను, బస్సులోంచి కూడా కనిపించేంత. బాబాయిగారు మోటారుసైకిలు మీద వచ్చి కింద నిలబడ్డాడు.

“ఏంటండీ ఇది, నా ఫ్లెక్సీ పాడుచేసేత్తన్నారు?”

“పాడు చెయ్యట్లేదండి, సరిచేస్తున్నాను. మీ ఫొటో జోలికి రాలేదు, చూసుకోండి.”

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడు విప్పించేస్తాడనుకున్నాం, విప్పించలేదు. ఎండకు ఆయన మొహం వెలిసిపోయేదాకా అది అక్కడే వేలాడింది. చాలామంది నన్ను తిట్టారు. పెద్దమనిషితో పేచీ పెట్టుకుని ఏం బావుకున్నావన్నారు. ఒక నిజమైన అంకె ఆ సెంటర్లో కొన్నాళ్లు నిలబడింది, అదే బావుకున్నాను.

ఇప్పుడు మలికిపురం నుంచి అమలాపురం దాకా స్తంభానికొక ఫ్లెక్సీ. పుట్టినరోజుకొకటి, పదవికొకటి, పదవి రాకపోయినా ఒకటి. రాత్రి చెబితే పొద్దుటికి అచ్చేసి ఇస్తున్నారు, ఏ అంకె వేయమంటే ఆ అంకె వేస్తున్నారు, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాడు లేడు. ఒక పిల్ల ఎండలో మోకాళ్లు చెక్కుకుపోతూ ఒక్కొక్కటిగా పోగేసుకున్న అంకెకూ, మిషను ఉమ్మిన అంకెకూ తేడా తెలిసినవాళ్లం తగ్గిపోతున్నాం. తగ్గితే తగ్గాం, తెలియనట్టు నటించడం మాత్రం నావల్ల కాదు.

మేనకోడలు కాకినాడలో నర్సు. గాలివాన కబురు విని ఫోన్ చేసింది. గుడ్డలు పోయాయని చెబితే, పేర్లు నీకు నోటికొచ్చు కదా మావయ్యా, మళ్లీ రాద్దాం అంది. పదిహేడూ వరసగా అప్పజెప్పాను. మరి నా లెక్క ఎక్కడుంది అని అడిగింది. ఎక్కడ ఆగిందో అక్కడే ఉందమ్మా అన్నాను. ఆగనీ, కొట్టెయ్యకు అంది.

కొట్టెయ్యను. ఆమె ఇప్పుడు పిల్లల జట్టులో ఆడే వయసు దాటిపోయిందనీ, అంత ఖాళీ నేల ఈ చుట్టుపక్కల ఇక దొరకదనీ నాకూ తెలుసు. అయినా తీర్చే దారి లేనంత మాత్రాన బాకీ రద్దయిపోదు. మా ఊరు ఆ పిల్లకు ఈ రోజుకీ పడి ఉన్నది, ఆట ఒకటి.