ఈశాన్యానికి అడ్డొచ్చిన బెల్టు

మా మేనమామ క్రషర్‌కి బెల్టు ఎలాంటిది ఉండాలో తేల్చింది ఇంజనీరు కాదు, వాస్తు సిద్ధాంతి. ఈ మాట చెప్తే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివరి మాట ఇది. మావయ్య రైసుమిల్లు అమ్మేసి, రాజమండ్రి దాటాక కోరుకొండ వైపు ఒక కొండ పక్కన క్రషర్ పెట్టాడు. లంకల్లో కూడా డాబాలు లేస్తున్న రోజులు, కంకరకి మంచి గిరాకీ. నేను కాకినాడలో మెకానికల్ డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నాను. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే, వచ్చి మన ఆఫీసు చూసుకో" అన్నాడు. యంత్రాలు ఎక్కడెక్కడ పెట్టాలో ప్లాను కూడా నా చేతే గీయించాడు. గీయించాడే గానీ నమ్మలేదు.

క్రషర్ నమిలిన రాయి కింద బెల్టు మీద పడుతుంది. బెల్టు దాన్ని ఎత్తున ఉన్న జల్లెడ దాకా మోసుకెళ్తుంది. జల్లెడలో సైజుల వారీగా విడిపోయి కంకర కిందికి గుట్టలుగా పడుతుంది. మామూలు బెల్టు నున్నగా ఉంటుంది, దాని మీద రాయి నిలవాలంటే వాలు తక్కువగా ఉండాలి. అంటే బెల్టు పొడుగ్గా సాగాలి. అందుకని నా ప్లానులో అది స్థలం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళింది. ఆ కొస ఈశాన్యం అయింది, అదీ నా నేరం.

"ఈశాన్యంలో కంకర గుట్టా? ఇంకేమన్నా ఉందండీ? యజమానికి గండం" అన్నాడు సిద్ధాంతి. మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే జల్లెడని స్థలం మధ్యకి జరిపించాడు. జల్లెడ కింద లారీ నిలబడాలి కాబట్టి ఎత్తు తగ్గించడానికి లేదు. సగం దూరంలో అంతే ఎత్తు ఎక్కాలి. బెల్టు గోడకి చేరవేసిన నిచ్చెనలా నిలబడింది.

"అలాగైతే నున్నటి బెల్టు పనికిరాదు మావయ్యా. ట్రాక్టర్ టైరు మీద ఉన్నట్టు రబ్బరు గట్లున్న బెల్టు వెయ్యాలి. లేకపోతే రాయి వెనక్కి దొర్లుతుంది" అన్నాను.

"నాకు చెప్తున్నావా? మన మిల్లులో బెల్టు ధాన్యాన్ని నిట్టనిలువుగా పైకి తీసుకెళ్ళలేదూ?"

"దానికి డబ్బాలు బిగించి ఉంటాయి మావయ్యా. ధాన్యం డబ్బాలో కూర్చుని వెళ్తుంది. ఇక్కడ రాయి దేంట్లో కూర్చుంటుంది?"

"డిప్లొమా చేసి నోరు పెంచుకొచ్చావు" అన్నాడు.

విజయవాడలో బెల్టుల కొట్టుకి నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ చీర అంచు చూసినట్టు బెల్టు అంచు పట్టుకుని చూశాడు, మడిచాడు, వాసన చూశాడు. కొట్టువాడు వాలు ఎంతని అడిగితే "అదంతా సిద్ధాంతి గారు చూసుకున్నారండి" అన్నాడు. నున్నటిదే కొన్నాడు.

మొదటి రోజే రాళ్ళు సగం దూరం ఎక్కి తిరిగి కిందికి రావడం మొదలెట్టాయి. దానికి మావయ్య కనిపెట్టిన మందు ఒక మనిషి. కింద బెల్టుని తిప్పే ఇనప డ్రమ్ము దగ్గర ఒకామెని పారతో నిలబెట్టి, పడ్డ రాయిని మళ్ళీ బెల్టు మీదకి ఎత్తమన్నాడు.

ఆమెకి నలభై ఏళ్ళుంటాయేమో. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, మొహానికి తువ్వాలు కట్టుకుని వచ్చేది. ఆదివారం చర్చిలో పాటలు ఈమే అందుకునేదట. క్రషర్ దగ్గర ఎంత పాడినా ఎవరికీ వినపడదు. బెల్టుకీ డ్రమ్ముకీ మధ్య రాయి ఇరుక్కుంటే చేత్తో లాగేసేది.

"మిషను ఆపమని కేకెయ్యొచ్చుగా?" అని కసిరాను ఒకసారి.

"ఆపితే అయ్యగారు తిడతారండి" అంది.

మావయ్యతో ఎన్నిసార్లు చెప్పానో. ఆ బెల్టు మార్చు, లేకపోతే ఆమె చెయ్యి పోతుంది అని. అన్నం తినేటప్పుడు చెప్పాను, లారీల వాళ్ళ ముందు చెప్పాను. "జాగ్రత్తగా ఉండమని చెప్పవే" అనేవాడు. జాగ్రత్తకి ఖర్చు లేదు కదా.

నా మాట మీద ఆయన చేసిన పని ఒకే ఒక్కటి, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టించడం. దాని కోసం నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడడం మానేశాను. ఖాళీగా ఉన్న జాగా ఈశాన్యం మూలే కాబట్టి మేస్త్రీ అక్కడే కట్టేశాడు, మావయ్య అటు వెళ్ళి చూడనే లేదు.

వానలు పడ్డాయి. తడిసిన రాయి ఇంకా ఎక్కువ జారింది. ఒక మధ్యాహ్నం ఆమె కుడిచెయ్యి డ్రమ్ములోకి వెళ్ళింది. మూడు వేళ్ళు పోయాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మావయ్య మళ్ళీ సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన స్థలమంతా తిరిగి, ఆ మూల ఆగి, ముక్కు మూసుకున్నాడు. "ఈశాన్యంలో మరుగుదొడ్డా! నెత్తురు పడిందంటే పడదుటండీ మరి?" అన్నాడు. మర్నాటికల్లా మరుగుదొడ్డి పడగొట్టారు. పోయింది ఆమె వేళ్ళు, శాంతి చేసింది మావయ్య గండానికి.

చేతికి కట్టుతో ఆమె జీతం కోసం వచ్చింది. ఆ మూల ఇటుకల కుప్ప చూసింది.

"మరి మేవెక్కడికెళ్ళాలండీ?" అంది.

నన్నే అడిగింది. బెల్టు దగ్గర అప్పటికే ఇంకొకామె పార పట్టుకుని ఉంది.

ఆ ఆదివారం మావయ్య కుటుంబమంతా అన్నవరం వెళ్ళారు, సిద్ధాంతి చేయించమన్న వ్రతానికి. కూలివాళ్ళు చర్చికెళ్ళారు. క్రషర్ ఆగి ఉంది. నేను పొద్దున్నే వెళ్ళి, ఆఫీసులో తోలు కోసే కత్తి తీసుకుని, ఆ బెల్టుని నిలువునా చీల్చేశాను. రాయి ఇరుక్కుంటే ఎలా చీలుతుందో అచ్చం అలాగే. చేతులు బొబ్బలెక్కాయి. పాపం చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

సోమవారం మావయ్య తల పట్టుకున్నాడు. కంకర కోసం లారీలు వరసకట్టి ఉన్నాయి. "రాయి చీల్చేసింది మావయ్యా, నున్నటిది ఇంకోటి వేసినా ఇదే గతి" అన్నాను. లారీల వాళ్ళ గోల పడలేక "ఏదో ఒకటి తెప్పించు" అన్నాడు. గట్ల బెల్టు తెప్పించి, దగ్గరుండి వేయించాను.

ఒక్క రాయి కిందికి రాలేదు. పార పట్టుకున్నామెని అక్కడి నుంచి పంపేశాం. ఆ రోజు నాకు కడుపు నిండినట్టయింది.

వారం తిరక్కుండా మావయ్య సిద్ధాంతిని పిలిచి కొత్తబట్టలు పెట్టాడు. నేను మావయ్య మొహం చూడకుండా అన్నాను: "బెల్టు బాగుంది కదా మావయ్యా, ఇక ఆడవాళ్ళకి మరుగుదొడ్డి మళ్ళీ కట్టిద్దాం."

మావయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఎలా కడతామే? ఆ మూల ఖాళీ చేశాకే కదా రాయి జారడం మానింది!"