గౌరవ్వ గోచీ చీర

సిరిసిల్ల మరమగ్గాల మీద అప్పుడు నేసేది ఎక్కువగా లంగా గుడ్డే. చీర కింద దాగి, ఎవరి కంటా పడని గుడ్డ. దానికోసం గౌరవ్వ రోజంతా నూలు కండెలు చుట్టేది. కండెలు చుట్టేది ఆడవాళ్లు, నేతగాడన్న పేరు మగవాడికి.

ఆమె దగ్గర ఒక్క మంచి చీర ఉండేది. భర్త నర్సింగం తన చేనేత గుంటమగ్గం అమ్మేసే ముందు ఆఖరిసారి నేసిన గోచీ చీర. కుచ్చెళ్లు కాళ్ల మధ్యగా తీసి వెనక దోపుకుంటే నాటు వేయొచ్చు, పరుగెత్తొచ్చు. సాయుధ పోరాటంలో ఆడవాళ్లు ఆ కట్టుతోనే తుపాకులు మోశారని పుస్తకాల్లో రాస్తారు. వాళ్ల పేర్లు మాత్రం రాయరు. తర్వాత గోచీ మోటన్నారు, కోడళ్లు మానేశారు. మగ్గం పోయిన ఏడాదే నర్సింగం ఉరేసుకున్నాడు. "నేను సచ్చినంక గీ చీరనే కప్పుండ్రి" అనేది గౌరవ్వ.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన రోజుల్లో నాయకుడు మధుకర్ ఇంటికొచ్చాడు.

"అవ్వా, సభల తెలంగాణ తల్లి తీరు గోసి కట్టుకొని నిలవడాలె. గా కట్టు ఇప్పుడెవలకూ అస్తలేదు."

"నిలవడ్త. గని మైకు ఇయ్యాలె. మా నర్సింగం పేరు చెప్త. ఎందుకు సచ్చిండో చెప్త."

"ఇస్తం తీ."

సభ దాకా కండెలు చుడుతూ ఆ నాలుగు మాటలే గొణుక్కుంది.

ఆ రోజు వేదిక వెనక తల్లి కిరీటం పట్టుకొని నిలబడ్డ సభ పెద్ద భూమయ్య ఆమె నుదురు చూసి ఆగిపోయాడు.

"ఏందిర మధుకర్, ముండమోసినదాన్ని దెచ్చినవ్? బొట్టు లేని తల్లి ఏం తల్లిర? టీవీవోళ్లు అచ్చిండ్రు!"

"అమరులు అమరులని మొత్తుకుంటున్నరు గదా బావా, ఆళ్ల పెండ్లాలకు బొట్టున్నదా?" అంది గౌరవ్వ.

ఎవరో కిసుక్కున నవ్వారు. మధుకర్ తల గోక్కున్నాడు.

"అవ్వా, చీర నవతకియ్యి. డిగ్రీ పిల్ల, మంచిగ కనవడ్తది. ఆఖరుకు మైకు నీకే."

ఆ ఆశతోనే విప్పింది. ట్రాక్టరు చాటున నవత నైలాను చీర తాను చుట్టుకొని, నవతకు తన చేతులతో గోచీ పెట్టింది.

"పిన్నీసులు వెట్టకు బిడ్డా, జారది."

నవతకు నమ్మకం కుదరలేదు. గౌరవ్వ అటు తిరగగానే నడుము చుట్టూ పిన్నీసులు గుచ్చుకుంది.

తల్లి వేషంలో నవత వేదిక మీద నోరు మెదపకుండా నిలబడింది. తల్లికి మాటలుండవు కదా. మగవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. గౌరవ్వ మెట్ల పక్కన పిలుపు కోసం చూస్తూనే ఉంది. చివరికి మైకు పాటగాళ్లకు పోయింది, తర్వాత కట్టేశారు. మెట్లు దిగుతూ నవత కాలు చాపింది. పిన్నీసులు పాత నూలును నడుము నుంచి మడమ దాకా చీల్చాయి.

మర్నాడు కండెల దగ్గర పక్కింటి ఊర్మిల అరిచింది: "ఓ గౌరక్కా! టీవీల నీ చీర అచ్చిందే!"

"మా ఆయన పేరు అచ్చిందా?"

ఊర్మిల తలొంచుకొని కండె అందుకుంది.

రాష్ట్రం వచ్చేసరికి గౌరవ్వ లేదు. చిరిగిన చీర శవం మీద కప్పకూడదన్నారు పెద్దలు. మగ్గం మీది నుంచి కోసుకొచ్చిన లంగా గుడ్డ కప్పి తీసుకెళ్లారు.