మరిది నడుము

ఎవరికైనా కాదని చెప్పేముందు వకుళ కొంగు నడుముకు దోపుకుంటుంది.

1996లో ఆమె భర్త రంగనాథానికి రక్త క్యాన్సర్ వచ్చింది. చికిత్సకు లండన్ వెళ్లాలేమో అనుకున్నారు. అతని తమ్ముడు చలపతి ఎముక మూలుగ సరిపోయిందని, ఢిల్లీలోనే ఎక్కించవచ్చని డాక్టర్లు చెప్పారు.

"మూలుగ తీస్తే నడుము పడిపోతుందట వదినా," అని చలపతి తప్పుకున్నాడు. రంగనాథం పోయాడు.

చితి చల్లారాక చలపతి సరోజినీ నగర్‌లో వకుళ ఉంటున్న క్వార్టర్‌కు వచ్చాడు.

"మీకు పిల్లలు లేరుగా వదినా, అస్థికలు నేనే కలపాలి. లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

వకుళ కొంగు దోపుకుంది.

"మూలుగ ఇస్తే పడిపోయే నడుము, కుండ మోస్తే పడిపోదా నాయనా?"

మర్నాడు పొద్దున్నే ఆమె ఆటోను చలపతి గుమ్మం ముందు ఆపించింది. ఇరుగుపొరుగు బాల్కనీల్లోకి వచ్చేదాకా హారన్ కొట్టించింది. తర్వాత అస్థికల కుండ ఒళ్లో పెట్టుకుని ఒక్కతే యమునకు వెళ్లింది.