ఆదరణ కూడికలో నా ఉపన్యాసం

చావింట్లో ఏడుస్తున్న మనిషిని ఏడవవద్దని చెప్పే హక్కు మీకెవరిచ్చారు? ఆ రోజుల్లో ఆ హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందనుకునేవాణ్ని. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా చేరిన సైన్సు మాస్టార్ని. దేవుడి మీద వాదన దొరికితే భోజనం కూడా మానేసేవాణ్ని (పెళ్లి భోజనమైతే తిన్నాక వాదించేవాణ్ని).

మా లెక్కల టీచరమ్మ భర్తను గరికపాడు దగ్గర లారీ గుద్దేసింది. పదిరోజుల తర్వాత జగ్గయ్యపేటలో వాళ్లింటి ముందు షామియానా వేసి, ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి కుటుంబాన్ని ఓదార్చడానికి క్రైస్తవులు జరుపుకునే ప్రార్థన అది. కానీ మైకు పట్టినవాళ్లందరిదీ ఒకటే పాట. "మంచివాళ్లను దేవుడు ముందే పిలుచుకుంటాడమ్మా. విశ్వాసురాలివి, నువ్వు ఏడవకూడదు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. లారీ డ్రైవరు నిద్రమత్తుకు దేవుడి పిలుపని పేరా? వెళ్లి మైకు అందుకున్నాను.

"చావు ప్రకృతి ధర్మం. పిలిచేవాడెవడూ పైన లేడు."

"ఆమేన్" అంది ముందు వరుసలో ఒక ముసలమ్మ. (మాట్లాడేవాడు ఎక్కడ ఆగితే అక్కడ ఆమేన్ అనడం ఆవిడ అలవాటు.)

"స్వర్గం లేదు, నరకం లేదు."

"ఆమేన్, స్తోత్రం."

నా నాస్తికత్వానికి అంత మద్దతు అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. ఆ ఊపులో, "కాబట్టి టీచర్ గారూ, ఏడ్చి ప్రయోజనం లేదు, ధైర్యంగా ఉండండి" అని ముగించాను.

ఆమె తలెత్తింది. "మీరూ అదే చెప్తున్నారా మాస్టారూ?"

పాస్టరుగారి భార్య లేచి మైకు వైరు పీకేసింది. వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చుంది. "యేసుప్రభువే స్నేహితుడు పోతే ఏడ్చాడు. నిన్ను ఆపడానికి వీళ్లెవరమ్మా? మీ ఆయన సంగతులు చెప్పు, వింటా."

టీచరమ్మ చెప్పింది. ఆదివారం వంట తనదేనని ఆయన పంతం పట్టేవాడట, ఆమ్లెట్ తిరగేస్తే సగం పొయ్యి మీద పడేదట. చెబుతూ నవ్వింది, నవ్వుతూనే బావురుమంది. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఆ పాస్టరమ్మ దేవుణ్ని నేను ఇవాళ్టికీ నమ్మను. ఓదార్చడం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆమేన్‌లు ఏరుకుంటూ నిలబడ్డ ఆ కుర్రమాస్టారు గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే వాణ్ని చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది. వాడి తమ్ముళ్లు ఇప్పటికీ ప్రతి చావింట్లో ప్రసంగాలు దంచుతూనే ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరు కాకండి. బైబిలు వాక్యమైనా, తర్కమైనా గుమ్మం బయటే వదిలేయండి. లోపలికి వెళ్లి కూర్చోండి, పోయిన మనిషి గురించి అడగండి, నోరు మూసుకుని వినండి.