మనస్వి మోకాలి కోసం హోథమ్ దాకా

గురువారం ఉదయం ఏడుంబావుకి నగర శివారులోని మా క్రెయిగీబర్న్ స్టేషన్లో లోకల్ రైలెక్కాను. భుజానికి బట్టల సంచి, చేతిలో చిన్న ఐస్‌బాక్స్. అందులో గోంగూర పచ్చడి సీసా, దాని పక్కన అట్టపెట్టెలో మూడు చిన్న గాజు సీసాలు. మా అమ్మాయి మనస్వి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఇంజెక్షన్ మందు అది. పెప్టైడ్ అంటారట, దెబ్బతిన్న లిగమెంట్ తొందరగా అతుక్కుంటుందట. జిమ్‌లో తోటి స్కీయర్లు చెప్పారు. పార్సెల్ మా ఇంటికి వచ్చింది. "ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చేటప్పుడు తీసుకురా" అంది మనస్వి.

దానికి పంతొమ్మిదేళ్లు. సీజనంతా హోథమ్ మంచుకొండ మీద స్కీ అద్దె దుకాణంలో పనిచేస్తూ రేసులకు సాధన చేస్తుంది. ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ చివర్లో పడి, ఎడమ మోకాలి లోపలి లిగమెంట్ చిరిగింది. డాక్టరు పన్నెండు వారాలు ఆగమన్నాడు. జట్టు ఎంపిక రేసు ఎనిమిదో వారంలో, ఈ శనివారమే.

ఆ రేసు మీద నాకూ పట్టుదల ఉంది. మనస్వికి తొమ్మిదేళ్లప్పుడు ఒక సెలెక్టరు నా మొహం మీదే, "మీ వాళ్లకు టెన్నిస్ బాగుంటుంది కదా" అన్నాడు. పదేళ్లయింది, ఆ రోజు ఆయన పెట్టుకున్న టోపీ రంగు కూడా గుర్తుంది. మనస్వి జెండాల మధ్య నుంచి దూసుకొస్తుంటే ఆయన చూడాలి. సీసాల మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని ఉంది. చదివి, ఆ కంపెనీకి ఫిర్యాదు రాయాలనుకున్నాను. పెట్టెను మాత్రం ఐస్‌బాక్సులో సర్దాను.

బ్రాడ్‌మెడోస్‌లో దిగి ఆల్బరీ వెళ్లే రైలు పట్టుకోవాలి. ఎంత దూరం వెళ్లినా టికెట్ ధర నగరంలో రోజంతా తిరిగే టికెట్టు ధరే, కాని సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. కిటికీ సీటు అడిగితే నాకు రెండు కిటికీల మధ్య గోడ ఇచ్చారు. నిరుడూ ఇంతే.

ఎదురుగా నా వయసు మనిషి, మోకాలికి పట్టీ. మాటల్లో మందు సంగతి వచ్చింది. తానూ ఆ ఇంజెక్షన్లు చేసుకున్నానని, రెండు నెలల్లో మోకాలు కొత్తదైందని చెప్పాడు. ఆ రెండు నెలలూ ఇంకేం చేశారని అడిగాను.

"ఏముంది, పనికి సెలవు. పొద్దున వ్యాయామం, సాయంత్రం వ్యాయామం, మధ్యలో సోఫా."

మరి బాగుచేసింది సూదో సోఫానో అతను ఆలోచించినట్టు లేదు. అప్పుడు నేనూ ఆలోచించలేదు.

పదింటికి వాంగరట్టా. స్టేషన్ బయటే బస్సు. డ్రైవరు ఐస్‌బాక్సు సీటు మీద పెట్టొద్దన్నాడు, పక్కావిడ కుక్కపిల్ల బుట్టను మాత్రం ఏమీ అనలేదు. పన్నెండుకి ముందే కొండ కింది ఊరు బ్రైట్ చేరాం. కొండ బస్సు ఒంటిగంటకి. బేకరీలో గుమ్మడికాయ సూప్ బాగుంటుంది, రొట్టె వేడిగా అడిగి తీసుకోండి.

ఐస్‌బాక్సులో ఐస్ కరిగిపోయింది. కొత్త ఐస్ ప్యాక్ కోసం మందుల షాపులోకి వెళ్లాను. కౌంటర్ వెనక తెలుగమ్మాయి, పేరు స్వప్న. హన్మకొండ నుంచి చదువుకోడానికి వచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ కోసం ఈ చిన్న ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. లోపల ఏముంది, ఎంత చల్లగా ఉండాలని అడిగింది. పెట్టె చూపించాను. సీసా తిప్పి చూసి అక్కడే పెట్టేసింది.

"ఇది ఎవలకు ఆంటీ? ప్లేయరా?"

"మా అమ్మాయి. శనివారం రేసు."

"ఇది ఆటలల్ల నిషేధించిన లిస్టుల ఉంటది. రేసు ఉన్నా లేకున్నా వాడద్దు. దొరికితే ఏండ్లకేండ్లు బయటే. ఎలుకలల్ల చూసిన్రు గని మనుషులల్ల సరిగ్గ చూడలే. సీసాల ఏమున్నదో కూడ తెల్వది." పెట్టె నా వైపు జరిపి, "మీరు మోస్కపోయి ఇచ్చినా తప్పే ఆంటీ. అమ్మైనా సరే, మీ మీదికి కూడ వస్తది" అంది.

ఇన్నేళ్లలో నేను ఎందరి మీదో ఫిర్యాదులు రాశాను. నా మీద రాయదగిన సంగతి ఒకటి ఉంటుందని అనుకోలేదు. అక్కర్లేని మందులు అక్కడ తీసుకుని పారేస్తారట. ఇచ్చేయడం క్షణం పని. కాని సొమ్ము మనస్విది, కాలూ మనస్విదే. బస్సుకి ఇరవై అయిదు నిమిషాలుంది. బయటికొచ్చి ఫోన్ చేశాను.

మనస్వి అంతా వింది. తర్వాత, "ఐ సార్టాఫ్ న్యూ, అమ్మా. కొంచెం తెలుసు" అంది.

"ఒక్కటైనా పొడుచుకున్నావా?"

"నో. ఐ స్వేర్. ఫస్ట్ బాక్స్ అదే."

"మరి ఎందుకే?"

"ఆ టెన్నిస్ స్టోరీ ఎవ్రీ వింటర్ చెప్తావ్. నువ్వు మర్చిపోవు. నేనెలా మర్చిపోతాను?"

బేకరీ ముందు బెంచీ మీద కూర్చున్నాను.

"ఆయన అన్నది నన్ను" అన్నాను చివరికి. "అది నాతోనే ఉండనీ. నీ కాలు దానికి అరువివ్వకు."

"దెన్ ఐ కాన్ట్ రేస్."

"తెలుసు."

ముక్కు ఎగబీల్చడం వినపడింది. "ఓకే. ఇచ్చేయ్. వాళ్లు బిన్‌లో వేసేదాకా అక్కడే ఉండు."

ఉన్నాను. స్వప్న మూడు సీసాలూ పారేసే మందుల డబ్బాలో పడేసింది. ఐస్ ప్యాక్‌కి డబ్బు వద్దంటే, తనకు సగం పచ్చడి వేరే డబ్బాలో పెట్టిచ్చాను.

ఒంటిగంట బస్సులో కుడివైపు కూర్చున్నాను. హారియట్‌విల్ దాటాక మలుపులు కడుపులో తిప్పుతాయి, ఖాళీ కడుపుతో ఎక్కకండి. పైన మంచు బరువుకి యూకలిప్టస్ కొమ్మలు వంగి ఉన్నాయి. రెండున్నరకి బస్టాపులో మనస్వి కుంటుతూ ఎదురొచ్చింది. ఐస్‌బాక్సు అందుకుంది. నేను దిగిన గది హీటరు మూడు రాత్రులూ గోల చేసింది, కాగితం మీద రాసిచ్చి వచ్చాను.

శుక్రవారం ఫిజియో మోకాలు వంచి చూసి, ఇంకో నాలుగు వారాలు కచ్చితంగా అన్నాడు. రేసు నుంచి తప్పుకుంటానని చెప్పడానికి మనస్వి తానే వెళ్లింది. నేను వెనక నిలబడ్డాను. అక్కడున్నది ఆ సెలెక్టరే. మంచి నిర్ణయమన్నాడు, జెండాల గేటు దగ్గర జడ్జిగా నిలబడతావా అని అడిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ గుర్తు చేయలేదు, మర్చిపోయి మాత్రం కాదు.

శనివారం మనస్వి నాలుగు గంటలు మంచులో నిలబడి, ఎవరు ఏ గేటు తప్పారో కాగితం మీద గీసింది. ఇద్దరిని రేసు నుంచి తప్పించింది. వాళ్లలో ఒకడు వాదనకొస్తే ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. చూడ్డానికి బాగుంది.

ఆదివారం పదింటి బస్సులో ఇద్దరం కొండ దిగాం. మనస్వి ఈ నాలుగు వారాలూ ఇంట్లో ఉండి మా పక్క వీధి ఫిజియో దగ్గరికి వెళుతుంది. ఈ ప్రయాణం కష్టమేమీ కాదు, ఒక రోజులో చేరిపోవచ్చు, కాని రెండు రాత్రులు ఉండండి, కొండ తెల్లవారుజామున చూడాలి. వాంగరట్టాలో రైలెక్కితే పక్కపక్క సీట్లు దొరికాయి. మనస్వి కిటికీకి వీపు ఆనించి, కాలు చాపి నా ఒళ్లో పెట్టి నిద్రపోయింది. పట్టీ కింద వాపు చేతికి తగులుతోంది, మొన్నటికంటే కొంచెం తక్కువ. సీమోర్ స్టేషన్ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.