గంజి పేరు చెప్పి పంపిన బురద

మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు గంజి మీద నమ్మకం ఎక్కువ. పడుగుకు పెట్టేదీ అదే, జ్వరమొస్తే తాగేదీ అదే. ఆ నమ్మకాన్ని నేను మా అక్క దగ్గర వాడుకున్నాను.

మేముండే నేతగాళ్ళ పేట దాజీ పేట్. దాని అవతల తువ్వాళ్ళు ఉతికి రంగులద్దే కార్ఖానాలో నేను సూపర్‌వైజర్ని. వాడిన నీళ్ళన్నీ వెనక తొట్టిలోకి చేరేవి. అడుగున గంజీ, దూదీ, రంగూ కలిసి నల్లటి బురద పేరుకునేది. దాన్ని ఎక్కడ పోయించాలన్నది నాకు పెద్ద తలనొప్పి. అప్పటికి అక్కా బావా మగ్గం మానేసి, ఊరి బయట చిన్న చెలకలో ఆకుకూరలు పండిస్తున్నారు. పేడ దొరకడం లేదని అక్క వాపోతుంటే నా తలనొప్పికి మందు దొరికినట్టయింది.

"గంజే అక్కా. ఇంత పెండల కలిపి మాగబెట్టు, మంచి ఖత్ అయితది" అన్నాను.

ఏటా ట్రాక్టర్లతో పంపాను. పాలకూర ఏపుగా పెరిగింది. ఎరువు మా తమ్ముడిదేనని అక్క పేటంతా చెప్పుకుంది. నేనూ మీసం దువ్వుకున్నాను.

తర్వాత కార్ఖానాలో హోటళ్ళ కోసం మరకలంటని బల్లగుడ్డలు మొదలుపెట్టారు. మరక అంటకుండా ఒక రసాయనం మందు పట్టించిన ఆ గుడ్డ మీద చాయ్ పోస్తే బొట్లు బొట్లుగా జారిపోయేది. వచ్చినవాళ్ళందరికీ నేనే పోసి చూపించేవాణ్ణి. ఒకరోజు మందు సంగతులు తెలిసిన ఒకాయన తొట్టి చూసి, ఈ బురద పొలాలకు పోనివ్వకండి అన్నాడు. ఆ మందు పేడలో మాగినా కుళ్ళదట, ఎండకు పోదట. మట్టిలోంచి నీళ్ళలోకీ ఆకుల్లోకీ ఎక్కుతుందట, మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుందట. నేను తల ఊపాను. అప్పటికే ఆ మందు చేరిన బురద రెండు ట్రాక్టర్లు అక్క చెలకలో కలిసిపోయింది.

మూడోది పంపలేదు. నా మంచితనం అంతవరకే. చెబితే అక్క బతుకుతెరువు పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు భయం నా పరువు గురించి. పైగా ఆమె కూర తినడం మానేశాను. కిడ్నీలో రాయి ఉందని, డాక్టరు ఆకుకూరలు వద్దన్నాడని అబద్ధమాడాను. మొహమాటానికి తీసుకున్న కట్టలు దారిలో ఆవుల ముందు పడేసేవాణ్ణి, అవి నాకేం ద్రోహం చేశాయో. అక్క ఇంట్లో మాత్రం ఆ తర్వాత రెండేళ్ళూ అదే కూర. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పోయిన చలికాలం అక్క కోడలు నీళ్ళోసుకుంది. కోడలికి మంచిదని రోజూ మెంతికూర పెడుతున్నానని అక్క సంబరంగా చెప్పింది. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. చెలకకు వెళ్ళి, గట్టు మీద ఆమె పక్కన కూర్చుని, బురద సంగతి, మందు సంగతి, నాకు ఎప్పటి నుంచి తెలుసో అన్నీ చెప్పాను. రాయి సంగతి ఒక్కటే చెప్పలేదు.

అక్క ఒళ్ళోని మెంతికట్ట తీసి కింద పెట్టింది. కోడల్ని దవాఖానకు తీసుకుపోవాలా అని అడిగింది. తీసుకుపోవాలన్నాను. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చెలక వైపు చూసి, నా నడుము మీద చెయ్యి వేసింది.

"నీకు రాయి గూడ నా కూర తినే అయ్యిందా, తమ్మీ?"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

"ఏమో అక్కా, తెల్వది" అన్నాను.